ఊఁ కొట్టమన్న సారు

మొన్న పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల ఒక ఆడమనిషి. తన పేరు చెప్పలేదు, నా పేరు అడగలేదు. "క్లాసుల ఊఁ కొట్టిన పిల్లవు నువ్వేనా అక్కా?" అంది. నిలబడి ఉన్న నేను కూర్చున్నాను. యాభై ఏళ్ల కిందటి ఆ సంగతి నాకూ, ఇంకొక మనిషికీ తప్ప ఎవరికీ గుర్తుండే అవకాశం లేదు. అవునన్నాను. "నాయిన పోయిండు. నిన్ను పిలువమని చెప్పి పోయిండు," అంది.

ఆ నాయిన మా సైన్సు సారు. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికినన్నాళ్లూ ఆ పేరు వెనక ఏముందో తెలుసుకోవాలని చూసినవాళ్లే ఆయనకు ఎక్కువ.

మా ఊరు శేరిలింగంపల్లికీ నల్లగండ్లకూ నడుమ ఉండేది. చుట్టూ రాతి గుండ్లు, తాటిచెట్లు, జొన్నచేన్లు. మా నాయిన తాళ్లెక్కి కల్లు దించేవాడు. సర్కారు హైస్కూలు రెండు మైళ్ల దూరం. నేను ఎనిమిదో తరగతిలో చేరేటప్పటికే సారు ఆ బడికి వచ్చి మూడు నాలుగేళ్లు. జనగామ దిక్కు నుంచి వచ్చారనేవాళ్లు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

సన్నటి మనిషి. చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకునేవారు, ఎండాకాలంలో కూడా. చేతిలో ఎప్పుడూ సన్నటి వెదురుకర్ర. దానితో ఎవరినీ కొట్టగా నేను చూడలేదు. బోర్డు మీద బొమ్మ వేసి, కర్ర కొన దాని మీద ఆనించి చెప్పేవారు. ఆ బొమ్మ సంగతి అయ్యేదాకా కర్ర అక్కడినుంచి కదిలేది కాదు.

బడి మానేసిన పిల్లల కోసం ఇళ్లకు వచ్చేవారు. మా ఇంటికీ వచ్చారు, నన్ను చెల్లెలిని ఎత్తుకోవడానికి ఇంట్లో ఉంచేసినప్పుడు. మా అమ్మ మంచం వాల్చి "కూసోండ్రి సారూ" అంది. ఆయన కూర్చోలేదు. "నిలవడి చెప్పుడు నాకలవాటమ్మా," అన్నారు. మా వాడలో ఏ ఇంటికి వచ్చినా అంతే, గడప అవతలే నిలబడి మాట్లాడి వెళ్లేవారు. సారుకు ఎంత మర్యాదో అని మా అమ్మ పదిమందికి చెప్పింది.

మొదటిరోజు క్లాసులో ఆయన రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయారు. మా వంక చూస్తున్నారు. పాఠం మరిచిపోయారేమో అనుకున్నాం.

"ఊఁ అనరేంది?" అన్నారు.

క్లాసు నవ్వింది.

"నవ్వకుర్రి. ఎవరన్న ఊఁ అంటెనే నాకు ముందటి మాట వస్తది. అలవాటైపోయింది, ఏం జేయాలె."

ముందు బల్లలో కూర్చున్న నేను ఊఁ అన్నాను. ఆ రోజు నుంచి అది నా పని అయింది, మూడేళ్లు. అదేమంత తేలిక కాదని తర్వాత తెలిసింది. తొందరపడితే ఆయన కనుబొమలు ముడిపడేవి. ఆలస్యమైతే తల తిప్పి చూసేవారు. "జర ఆగు. మాట గొంతు దిగనియ్యి. దిగినంక అను," అని ఒకసారి చెప్పారు. నాకు జ్వరం వచ్చి వారం రోజులు బడికి పోకపోతే, ఆ వారమంతా సారు నోట్సు చెప్పి రాయించారట.

ఇంకొకటి ఉండేది. పాఠం బాగా సాగుతున్నప్పుడు ఆయన గొంతు మారేది. మాటలకు ఒక ఒరవడి వచ్చి, ఇంకొంచెం పోతే పాట అవుతుందేమో అనిపించేది. సరిగ్గా అప్పుడు ఆయన ఆగి, దగ్గి, కిటికీలోంచి బయటికి చూసేవారు. మళ్లీ మొదలుపెడితే పొడి గొంతు. పుస్తకం చదివినట్టు ఉండేది.

జీవపరిణామం పాఠం పదో తరగతి పుస్తకంలో చివర ఉండేది. మా హెడ్మాస్టరు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. గొడవలంటే ఆయనకు భయం. "ఆ పాఠం పరీక్షకు రాదండి మాస్టారూ. ఊళ్లో వాళ్ల నమ్మకాలు వాళ్లకుంటాయి. మనకెందుకు చెప్పండి, వదిలేయండి," అని వరండాలో సారుతో అంటుంటే విన్నాను.

"పరీక్షకు రాకుంటె ఏమాయె సార్. మనం పుట్టుడైతె పుట్టినం గద," అన్నారు సారు. హెడ్మాస్టరు నవ్వేసి వెళ్లిపోయారు.

ఆ పాఠానికి మమ్మల్ని బడి వెనక గుండ్ల మీదికి తీసుకుపోయారు. కర్ర కొన రాతికి ఆనించారు.

"ఈ గుండును ఎంత పగులగొట్టినా దీంట్ల ఒక్క చేపముల్లు దొరకది, ఒక్క ఆకు గుర్తు దొరకది. ఎందుకో చెప్పుర్రి."

"దేవుడు పెట్టలేదు సార్," అన్నాడొకడు.

సారు నవ్వలేదు. "ఇది గట్టివడ్డనాడు చేప లేదు. ఆకు లేదు. దీన్ని చూసెటందుకు ఎవనికీ కన్ను లేదు."

నేను ఊఁ అనడం మరిచిపోయాను. రోజూ ఎక్కి ఆడుకునే రాయి అది. చెయ్యి తీసేశాను. ఆయన నా వంక చూస్తూ ఆగి ఉన్నారని కొంతసేపటికి తెలిసింది. అప్పుడు అన్నాను.

క్లాసుకు తిరిగి వచ్చాక బోర్డు అడుగున మొదలుపెట్టారు. నేల మీద మోకాలు ఆనించి, అట్టడుగున ఒక చుక్క. దానిపైన నీళ్లలో జీవులు, దానిపైన చేప, కప్ప, బల్లి, అట్లా పైపైకి. బావి తవ్వితే పాత మన్ను అడుగునే కదా ఉంటుంది, అందుకని కింది నుంచే రాయాలన్నారు. చివరికి బోర్డు పై చెక్క దగ్గర, గోరంత గీత గీశారు. "ఇగ మనం," అన్నారు.

"మరి ఆదిశక్తి గుడ్డు పెడితె అందులకెల్లి దేవుళ్లు పుట్టిండ్రు, వాళ్లు మనల్ని పుట్టిచ్చిండ్రు అంటరు గద సారూ?" అని వెనక బల్లలోంచి ఎవరో అడిగారు.

"అది కథ. ఇది పాఠం. కథకు ఊఁ కొట్టాలె. పాఠాన్ని అడగాలె."

నేను లేచాను. "మరి మీ పాఠానికి నాతోని ఊఁ కొట్టిస్తున్నరు గద సారూ?"

క్లాసంతా నవ్వింది. ఆయన ముఖం ఎర్రబడింది. కోప్పడతారనుకున్నాను. "మంచిగ అడిగినవ్. దీనికి జవాబు నాకు తెల్వది," అన్నారు. ఒక సారు నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఆ ఏడు ఎండాకాలానికి ముందే మా వాడకు పటమోళ్లు వచ్చారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దిక్కున పనిచేసుకుని బతికే ఒక్కో కులానికి ఒక్కో పటం కుటుంబం ఉండేది. లోకం ఎట్లా పుట్టిందో, అందులో ఆ కులం ఎట్లా పుట్టిందో పొడుగాటి గుడ్డ మీద బొమ్మలుగా రాయించుకుని, మూడేళ్లకొకసారి వచ్చి కథ చెప్పేవాళ్లు. ఆ కులం పెట్టింది తీసుకుని పోయేవాళ్లు. పెట్టేవాళ్ల ముందు వాళ్లు కూర్చోరు. ఊళ్లన్నీ వాళ్ల అన్నదమ్ముల మధ్య వాటాలు. మా ఊరికి ఎప్పుడూ వచ్చే ఆయన చనిపోయాడని, ఆ ఏడు ఆయన తమ్ముడు వచ్చాడు. ముసలాయన, చూపు సరిగ్గా లేదు. వెంట తాళం వేస్తూ ఊఁ కొట్టే ఒక ఆడమనిషి.

మధ్యాహ్నం కల్లు దించడం అయ్యాక, మా ఇళ్ల ముందు గుంజలకు పటం కట్టారు. ఎర్రటి గుడ్డ, నిండా బొమ్మలు. కింది భాగం చుట్టి ఉంది. కథ నడిచినకొద్దీ చుట్ట విప్పుతూ పోతారు. ముసలాయన సన్నటి వెదురుకర్ర తీసి మొదటి బొమ్మకు ఆనించాడు. నేను సైన్సులో ఫస్టు వచ్చిన పిల్లను. ఆ కర్రను కళ్లారా చూసి కూడా నాకేమీ తట్టలేదు.

భూమి లేదు, ఆకాశం లేదు, అంతా నీళ్లే ఉండె అన్నాడు. ఆదిశక్తి పుట్టింది, గుడ్డు పెట్టింది అన్నాడు. ఆ మాటకు నేను లేచి నిలబడ్డాను.

"గట్ల కాదు తాతా."

తాళం ఆగింది. అందరూ నా వంక తిరిగారు.

"భూమి గట్టివడ్డంక శానా కాలానికి నీళ్లల్ల చిన్న జీవి పుట్టింది. అది చేపయింది, కప్పయింది. మనిషి అందరికంటె ఎనుక. మా సారు చెప్పిండు."

"ఏందే, కథకు అడ్డమొస్తున్నవ్?" అన్నాడు మా కులపెద్ద. "మొగపిల్లలకే లేని నోరు నీకేడిదే?" నాయిన నా రెక్క పట్టి గుంజాడు.

ముసలాయనకు కోపం వచ్చినట్టు లేదు. కర్ర గుడ్డు బొమ్మ మీదే ఉంది. "మీ సారు ఎక్కడోడు బిడ్డా?" అన్నాడు.

"జనగామ దిక్కు అంటరు."

"ఎట్ల చెప్తడు?"

నాకు గర్వంగా ఉంది. "కింది నుంచి బొమ్మలేసుకుంట పైకొస్తడు. బొమ్మ మీద కర్ర పెట్టి చెప్తడు. నేను ఊఁ అంటెనే చెప్తడు, లేకుంటె చెప్పడు."

ముసలాయన కర్ర దించి, పటం కింది నుంచి చుట్టుకుంటూ వచ్చి తాడు కట్టాడు. "ఇయ్యాల్టికి చాలు," అన్నాడు.

మా వాడలో పటం కథ సగంలో ఆగడం ఎవరూ ఎరగరు. ఇంకో రెండు బొమ్మలైతే మా కులం పుట్టే ఘట్టం. పిల్ల నోటి దురుసుకు ముసలాయన అవమానపడ్డాడనే అందరూ అనుకున్నారు, నేను కూడా. ఆ రోజు మా నాయిన నన్ను మొదటిసారి కొట్టాడు.

తెల్లారి పొద్దున కులపెద్ద మా నాయిననూ ఇంకో పదిమందినీ తీసుకుని బడికి వచ్చాడు. ముసలాయనను కూడా వెంట తెచ్చారు. ఆయన భుజాన పటంతో మెట్ల కిందే నిలబడ్డాడు. హెడ్మాస్టరు, సారు వరండాలో. నన్ను క్లాసులోంచి పిలిపించారు.

"మేం కోతులకు పుట్టినమని చెప్తున్నవట సారూ మా పిల్లలకు?" అన్నాడు కులపెద్ద.

"పెద్దలు కాస్త శాంతించండి," అన్నారు హెడ్మాస్టరు. "పాఠం పుస్తకంలో ఉందండి. ఆయన సొంతంగా చెప్పింది కాదు."

"నువ్వు వదిలెయ్యమన్నవట గద. ఈయనే వినలేదట."

హెడ్మాస్టరు నేలచూపులు చూశారు.

"ఒక్కటే మాట. ఈ సారును ఈడికెల్లి పంపియ్యుర్రి. లేకుంటె రేపటి సంది మా వాడ పిల్ల ఒక్కటి బడికి రాదు." బడిలో సగం మా వాడ పిల్లలే. తర్వాత ముసలాయన వైపు తిరిగి, "ఏం తాతా, చెడగొట్టింది నీ కథను. నువ్వు చెప్పు," అన్నాడు.

"నేనేం చెప్త అయ్యా. ముందుగాల ఆ పాఠమేందో నన్ను విననియ్యుర్రి," అన్నాడు ముసలాయన.

సారు క్లాసులోకి పోయారు. మా వాడవాళ్లు కిటికీల దగ్గర నిలబడ్డారు. ముసలాయన గడప అవతల. సారు మోకాలు ఆనించి బోర్డు అడుగున చుక్క పెట్టారు. రెండు మాటలు చెప్పి, నా వంక చూశారు.

అందరి ముందు, నాయిన చూస్తుండగా, నోరు తెరిచాను గాని మాట రాలేదు.

గడప దగ్గర నుంచి "ఊఁ" అని వినిపించింది.

సారు అటు చూడలేదు. చెప్పడం సాగించారు. ఇంకో బొమ్మ, కర్ర కొన, మాట, ఆగడం. మళ్లీ ఊఁ. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న నా ఊఁ ఆ ఊఁ ముందు చిన్నపిల్ల తొక్కుపలుకు. మాట గొంతు దిగిన చోట, అంతకు క్షణం ముందూ కాదు తర్వాతా కాదు. చేప దగ్గరికి వచ్చేసరికి సారు గొంతు మారింది. దగ్గుతారని చూశాను. దగ్గలేదు. ఒరవడి అట్లాగే పెరిగింది. నిన్న మా ఇళ్ల ముందు విన్న గొంతు అది. కిటికీల దగ్గర మా వాళ్లు కోపం మరిచి వింటున్నారు. ఇద్దరు ముగ్గురు వాళ్లకు తెలియకుండానే ఊఁ అన్నారు. అందులో మా నాయిన ఒకడు.

పై చెక్క దగ్గర గోరంత గీత. "ఇగ మనం."

ముందు ముసలాయనే అన్నాడు: "కథ మంచిగున్నది. ఏ కులపోళ్లకు చెప్తరు దీన్ని?"

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టారు. చేతులు దులుపుకున్నారు. "అందరికి, నాయినా," అన్నారు.

మా దిక్కున ముసలివాళ్లను తాతా అంటాం, పెద్దాయనా అంటాం. నాయినా అని తండ్రినే అంటాం. కులపెద్ద ముందు ముసలాయనను చూశాడు, తర్వాత సారును.

"ఏమన్నవ్? ఈయన నీకు నాయిన అయితడా?"

సారు తల ఊపారు.

ఆ తర్వాత జరిగినదే నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేకపోయింది. కులపెద్ద ముఖంలో కోపం పోయింది. నవ్వాడు. "మా పటమోని కొడుకువార నువ్వు? ముందుగాల చెప్పరాదుర?" అన్నాడు. పావుగంట ముందు, ఎంత కోపంలో ఉన్నా, అదే నోరు సారూ అని పిలిచింది. "పోనీ తియ్యుర్రి. మనోడే. మన పెట్టుడు తినెటోడే. ఏదో చెప్పుకొని బతకనీ." పంపించెయ్యాలన్న మాట మళ్లీ ఎత్తలేదు. కోతుల సంగతీ ఎత్తలేదు. పోతూ పోతూ ఒకడు సారు భుజం మీద చరిచాడు.

ఆ మధ్యాహ్నం టీ తాగేటప్పుడు సారు గ్లాసు కిటికీలో వేరుగా ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. సారు దాన్ని తీసుకుని, నిలబడే తాగి, కడిగి, అక్కడే బోర్లించారు.

ఆయన ఆ బడిలో ఇంకా కొన్నేళ్లు ఉన్నారు. ఏటా ఆ పాఠం చెప్పారని, ఎవరూ అడ్డం పోలేదని నా తర్వాతి తరగతుల వాళ్లు చెప్పేవారు. కానీ ఊఁ అనమని మళ్లీ ఎవరినీ అడగలేదు. గొంతు పొడిగానే ఉండేది, మొదటి నుంచి చివరి దాకా. మా పదో తరగతి పరీక్షలకు ముందు ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "తప్పయింది సారూ," అన్నాను.

"ఏం తప్పు? అడిగినవ్ అంతే గద. పాఠాన్ని అడగాలె అన్న."

"నేను కథను అడిగిన సారూ."

"కథ అంత కమ్జోరేం గాదు, తట్టుకుంటది. పో, బెల్లు కొట్టిండ్రు," అన్నారు. అవి నాతో ఆయన చివరి మాటలు.

ముసలాయన బడికి వచ్చిన రోజు సాయంత్రమే మిగిలిన కథ చెప్పి వెళ్లాడని మా అమ్మ అంది. నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. మా కులం ఎట్లా పుట్టిందో వాడలో నా ఒక్కదానికే తెలియదు.

మొన్న శేరిలింగంపల్లిలో ఆటో దిగి ఆ ఇల్లు వెతుక్కుని పోయాను. రెండు గదులు. సారు చాప మీద ఉన్నారు, చొక్కా చేతులకు గుండీలు పెట్టి ఉన్నాయి. తల దగ్గర ముసలాయన పటం చుట్టి ఉంది. ఫోను చేసిన కూతురు నాకంటే పదేళ్లు చిన్నది, ఆమె కూడా సర్కారు బడిలో పంతులమ్మగా చేసింది. పటం చెప్పేవాడు పోయి, ఇక పిలిచేవాళ్లు లేకపోతే దాన్ని నీళ్లకు ఇస్తారట. ఇచ్చేటప్పుడు కథ ఎవరిదో ఆ కులం నుంచి ఒకరు చెయ్యి వేయాలట. "నాయిన నీ పేరే చెప్పిండు. నంబరు మీ వాడల అడిగి తెచ్చుకున్న," అంది.

నేను ఆగలేకపోయాను. "నా వల్లనే ఆ రోజు ఆయన నోరు జారింది," అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నోరు జారుడేంది అక్కా?"

చెప్పింది. పటం చుట్టేసిన ఆ సాయంత్రమే ముసలాయన, సారు కిరాయికి ఉంటున్న గది వెతుక్కుని పోయాడు. మా ఊరు తన వాటా కాదు కాబట్టే కొడుకు ఆ బడిలో చేరాడని ఆయనకు తెలుసు. 'రేపు నన్ను తోల్కపోతరట బిడ్డా. నువ్వెవరో తెల్వనట్టె ఉంట. నీ నౌకరి నీకుండనీ,' అని చెప్పి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"నాయిన సరే అన్నడట. పొద్దుగాల బడికి పోయెటప్పుడు గూడ సరే అనుకునే పోయిండట. మల్ల ఎందుకన్నవ్ అని నేనే అడిగిన ఒకసారి. 'అంత సేపు ఊఁ కొట్టిచ్చుకొని, ఎవరో అన్నట్టు పంపుడెట్ల బిడ్డా' అన్నడు. తెలిసే అన్నడు."

యాభై ఏళ్లు ఆయన మీద జాలిపడ్డాను. నా కళ్ల ముందు ఒక మనిషి తనంతట తాను చేసిన పనిని పొరపాటుగా గుర్తుపెట్టుకుని, ఆ పొరపాటుకు కారణం నేననుకుని, అందులోనూ నన్నే చూసుకుంటూ బతికాను.

"మరి తర్వాత ఊఁ అనమని ఎవరినీ అడగలేదెందుకు?"

"తాత ఊఁ విన్నంక ఇంకెవరిది చెవికి ఆనలేదేమో. నాకు తెల్వదక్కా."

బయట పాడె కడుతున్నారు. ఆమె పటం తాడు విప్పింది. "నువ్వు సగంల ఆపినవట గద. మిగిలింది నీకు చెప్పినంకనే నీళ్లకియ్యాలె అన్నడు."

"నీకు వచ్చా?"

"నాయిన నేర్పిండు. బోర్డు పాఠమొకటి, ఇదొకటి. రెండు వస్తయి నాకు."

"ఆయన దీన్ని నమ్మేవారా?"

"నేనడగలే. చెప్పుడు సక్కగొస్తుందా లేదా అనే చూసెటోడు."

రంగు వెలిసిన ఎర్రగుడ్డ సారు పక్కన నేల మీద పరుచుకుంది. గుడ్డు బొమ్మ కనిపించింది. దాని తర్వాతి బొమ్మ మీద ఆమె వెదురుకర్ర కొన ఆనించింది. రెండు మాటలు చెప్పి, ఆగి, నా వంక చూసింది.

మాట గొంతు దిగేదాకా ఆగి, ఊఁ అన్నాను.